24వ వంతు కారు



తెల్లటి అంబాసిడర్ కారు ఫొటో ఒకటి, అదే కారు చిన్న మోడల్ ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి చూపించండి. ఏది అసలుదో ఏది బొమ్మో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. పోల్చుకోడానికి పక్కన మనిషిగానీ చెట్టుగానీ లేకపోయినా చెప్పేస్తారు. ఆకారం అదే, రంగు అదే, గుండ్రటి హెడ్‌లైట్లు అవే. మరి కన్ను ఎక్కడ పట్టేసింది?

మందం దగ్గర. బొమ్మ మీద రంగు మందంగా ఉంటుంది, అద్దం మందంగా ఉంటుంది, తలుపు చుట్టూ సందు వెడల్పుగా ఉంటుంది. కారు చిన్నదైంది గానీ ఇవేవీ దానితోపాటు చిన్నవి కాలేదు. ప్లాస్టిక్ కిట్ కొని కారు మోడల్ కట్టే సరదా ఉన్నవాళ్లకూ, కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లకూ ఈ పూట నేను చెప్పబోయేది ఇదే: దేన్ని ఎంత పలచన చేయగలం, చేయలేనప్పుడు దేన్ని వదిలేయాలి.

ముందు చిన్న లెక్క. కిట్ పెట్టె మీద 1/24 అనో 1/25 అనో రాసి ఉంటుంది. 1/24 అంటే అసలు కారు కొలతల్లో 24వ వంతు. పాత అడుగులు, అంగుళాల లెక్కలో చెప్పాలంటే, అసలు కారులో ఒక అడుగు ఇక్కడ అరంగుళం. అంబాసిడర్ పొడవు 4 మీటర్ల 30 సెంటీమీటర్ల పైచిలుకు. 24తో భాగిస్తే 18 సెంటీమీటర్లు. మారుతి 800 అయితే 14 సెంటీమీటర్లు. దుకాణాల్లో కొక్కేలకు వేలాడే హాట్ వీల్స్ కార్లు సుమారు 1/64. అద్దాల బీరువాల్లో పెట్టుకునే లోహపు కార్లు ఎక్కువగా 1/43, 1/18. ఫార్ములా వన్ రేసు కార్ల కిట్లు చాలావరకు 1/20లో వస్తాయి. మనం ఈ పూట 1/24 దగ్గరే ఉందాం. చేతికి ఇముడుతుంది, కంటికి ఆనుతుంది.

ఇప్పుడు అదే భాగహారం రేకు మీద చేయండి. మామూలు కారు బాడీ రేకు మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు. అందులో 24వ వంతు అంటే జిరాక్స్ కాగితం మందంలో మూడో వంతు. కిట్‌లో ప్లాస్టిక్ బాడీ మందం ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది. దాన్ని తిరిగి 24తో గుణించి చూస్తే, అసలు కారుకు అంగుళం మందం రేకు వేసినట్టు. తప్పు కంపెనీది కాదు. కరిగిన ప్లాస్టిక్ ఉక్కు అచ్చులో అన్ని మూలలకూ పారాలంటే ఆ మాత్రం సందు ఉండాలి. కాబట్టి మిగతా పని మనది.

ఈ కిట్లు ఎక్కడినుంచి వచ్చాయో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. అమెరికాలో కార్ల పరిశ్రమకు పుట్టిల్లయిన డెట్రాయిట్ ప్రాంతంలో 1948లో ఏఎంటీ అనే కంపెనీ మొదలైంది. కార్ల డీలర్లు తమ దగ్గరికొచ్చిన వాళ్లకు చూపించడానికీ పంచడానికీ కొత్త కార్ల చిన్న నమూనాలు చేసిచ్చేది. ఆ నమూనాలే తర్వాత విడిభాగాలుగా, ఇంట్లో కట్టుకునే కిట్లుగా మారాయి. 1958లో ఒకే పెట్టెతో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు తెచ్చారు. అమెరికా కిట్లలో 1/25 ఎక్కువగా కనిపించడం ఆ కాలం నుంచి వచ్చిన అలవాటే. మరో పెద్ద ఊరు జపాన్‌లోని షిజువోకా. తమియా కంపెనీ అక్కడ 1946లో కలప వ్యాపారంగా మొదలై, 1960లో మొదటి ప్లాస్టిక్ కిట్ చేసింది. 1970లలో పోర్షే 934 రేసు కారును 1/12లో చేయడానికి పూనుకున్నప్పుడు ఆ కంపెనీకి చెందిన షున్‌సాకు తమియా ఏకంగా ఒక పోర్షే 911 కొని, దాన్ని భాగాలుగా విడదీయించి కొలతలు తీయించారు. కిట్ 1976లో బయటికొచ్చింది. ఆ పద్ధతి గుర్తుంచుకోండి, చివర్లో దానితో పని ఉంది.

సరే, పెట్టె తెరిచాం. భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని ఉంటాయి. మొదట వాటిని గిన్నెలు తోమే ద్రవం కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి ప్లాస్టిక్ సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు ఇంకా వాటి మీద ఉండొచ్చు. దాని మీద రంగు నిలవదు. చాలామంది ఈ పని దాటేసి, తర్వాత రంగు పెచ్చులూడితే రంగు కంపెనీని తిట్టుకుంటారు.

పనిముట్లకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మందుల షాపులో దొరికే 11 నంబరు సర్జికల్ బ్లేడు, దానికి 3 నంబరు పిడి. హైదరాబాద్ కోఠిలో రేడియో, టీవీ సామాన్లు అమ్మే షాపుల్లో తీగలు కత్తిరించే చిన్న నిప్పర్ దొరుకుతుంది. పెయింట్ల షాపులో వాటర్ పేపర్: 400, 800, 1000, 2000 నంబర్లు. భాగాన్ని చట్రం నుంచి కోసేటప్పుడు నిప్పర్‌ను భాగానికి ఆనించకండి. కాస్త దూరంగా కోసి, మిగిలిన బుడిపెను బ్లేడుతో పలచగా చెక్కి, వాటర్ పేపర్‌తో నున్నగా చేయండి. ఒక్క వేటుకు దగ్గరగా కోస్తే భాగం అంచులో తెల్లటి గాటు పడుతుంది. అది రంగు కింద కూడా దాగదు.

బాడీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. ముందు మడ్‌గార్డుల పైనుంచి, పైకప్పు స్తంభాల మీదుగా వెనక డిక్కీ దాకా సన్నటి గీత కనిపిస్తుంది. అచ్చు పలకలు కలిసిన చోటు అది. అసలు కారులో ఆ గీత ఉండదు. 800 నంబరు వాటర్ పేపర్ తడిపి, దాన్ని పూర్తిగా పోయేదాకా రుద్దాలి. లోతుగా లొట్టపడిన చోట్ల పుట్టీ పెట్టాలి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నం పూత వేసి, ఆ తర్వాతే రంగు జోలికి పోతారు. మనకు మక్కు చోట పుట్టీ, సున్నం చోట ప్రైమర్. వరస మాత్రం అదే. ప్రైమర్ బూడిద రంగుది వేస్తే, కంటికి ఆనని గీతలు కూడా బయటపడతాయి. బయటపడితే సంతోషించండి, మళ్లీ రుద్దే అవకాశం దొరికింది.

ఇక పలచన చేసే పని. బాడీ మొత్తాన్ని పలచన చేయలేం, చేయనక్కర్లేదు కూడా. కంటికి అంచులే కనిపిస్తాయి. చక్రం పైన ఉండే వంపు అంచు, బంపరు చివర, రేసు కారుకైతే వెనక రెక్క అంచు. వీటిని లోపలివైపు నుంచి బ్లేడుతో ఏటవాలుగా చెక్కండి. బయటి కొలత మారకూడదు, లోపలి ప్లాస్టిక్ తగ్గాలి. చక్రం వంపు దగ్గర అంచు కాగితమంత పలచనైతే చాలు, మొత్తం బాడీ రేకుతో చేసినట్టు కంటికి తోస్తుంది. నన్నడిగితే, ఇంజిన్‌లో ఇరవై తీగలు కలపడం కంటే నాలుగు చక్రాల వంపులు ఇలా చెక్కడం వల్ల కారుకు వచ్చే నిండుదనం ఎక్కువ.

తలుపు సందులకు వ్యవహారం ఇంకో రకం. అసలు కారులో తలుపుకూ బాడీకీ మధ్య సందు సుమారు 4 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే ఒక మిల్లీమీటరులో ఆరో వంతు. కిట్‌లో గాడి ఇంతకంటే కొంచెం వెడల్పుగానే ఉంటుంది. అది పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బంది లోతు చాలకపోవడం. ప్రైమర్, రంగు, పైన మెరుపు పూత, ఇన్ని పొరలు పడేసరికి గాడి సగం పూడుకుపోతుంది. అందుకని రంగుకు ముందే బ్లేడు వెన్నుతో, అంటే పదును లేని వైపుతో, గాడి వెంట తేలిగ్గా గీస్తూ లోతు పెంచుకోవాలి. ఒకేసారి నొక్కి గీస్తే బ్లేడు గాడి తప్పి తలుపు మీదికి జారుతుంది.

రంగంతా అయ్యాక ఆ గాడిలోకి బాగా పలచన చేసిన ముదురు రంగు ఒక చుక్క వదిలితే, అదంతట అదే గాడి వెంట పాకుతుంది. ఇక్కడ చాలామంది నలుపు వాడతారు. నల్ల కారుకు, ముదురు నీలం కారుకు సరే. తెల్ల కారుకు నల్ల గీతలు గీస్తే అది కారులా ఉండదు, కారు కార్టూనులా ఉంటుంది. తెల్లకు బూడిద రంగు, ఎరుపుకు ముదురు గోధుమ రంగు వాడండి.

రంగు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మోడల్ నిలిచేదీ పడేదీ ఇక్కడే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద పొరలన్నీ కలిపి రంగు మందం సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 24తో భాగిస్తే మనకు దక్కేది 5 మైక్రాన్లు. స్ప్రే చేసే ఒక్క పొరే అంతకు రెండు మూడింతలు ఉంటుంది. అంటే ఈ పోటీలో మనం ముందే ఓడిపోయాం. ఎంత తక్కువతో ఓడిపోతామన్నదే మన నైపుణ్యం. అందుకే బ్రష్‌తో బాడీకి రంగు వేయొద్దని అంటాను. లోపలి సీట్లకు, ఇంజిన్‌కు బ్రష్ చాలు. బాడీకి మాత్రం స్ప్రే డబ్బా కావాలి, స్తోమత ఉంటే ఎయిర్‌బ్రష్. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, రంగులో థిన్నర్ బాగా కలపడం. ఈ మూడూ కుదిరితే పొర పలచగా పడుతుంది. మొదట లోహం మీద ఆవిరి పట్టినంత తేలిగ్గా ఒకటి రెండు పొరలు, ఆ తర్వాత తడిగా ఒక పొర. అడుగు రంగు కనిపించకపోతే ఆపేయండి. ఇంకొక్క పొర వేద్దామనిపించినప్పుడు డబ్బా కింద పెట్టేయడమే మంచిది.

అడుగు పూత రంగును కూడా పై రంగుకు తగ్గట్టు ఎంచుకుంటే పొరలు తగ్గుతాయి. పసుపు, ఎరుపు పలచని రంగులు. బూడిద ప్రైమర్ మీద వేస్తే నాలుగు పొరలైనా తేలవు. తెల్ల ప్రైమర్ మీద రెండింటితోనే పండుతాయి. కొన్ని కిట్లు ఎర్ర ప్లాస్టిక్‌తో వస్తాయి. వాటిమీద తెలుపు వేస్తే ఎరుపు పైకి ఊరి గులాబీ రంగు తేలుతుంది. మధ్యలో వెండి రంగు పొర ఒకటి అడ్డం వేస్తే ఆగుతుంది.

మెరుపు రంగుల్లో, అంటే మెటాలిక్ రంగుల్లో, ఇంకో చిక్కుంది. అసలు కారు పెయింటులో ఉండే లోహపు పొడి రేణువులు మన కారు కోసం చిన్నవి కావు. ఆటోనగర్‌లో అసలు కారుకు వేసే మెటాలిక్ రంగునే తెచ్చి మోడల్‌కు వేస్తే, షేడ్ అచ్చంగా కలుస్తుంది గానీ ఒంటినిండా చమ్కీలు చల్లినట్టు ఉంటుంది. సన్నటి రేణువులతో మోడళ్ల కోసమే చేసిన రంగులు వాడాలి. అక్కడ దొరికే ఘాటు థిన్నర్ విషయంలోనూ జాగ్రత్త. కొన్ని రకాలు ప్లాస్టిక్‌ను తినేస్తాయి. ఖాళీ చట్రం ముక్క మీద ముందు ఒక చుక్క వేసి చూడండి.

మన వాతావరణం సంగతి జపాన్ కిట్‌లోని సూచనల కాగితంలో ఉండదు. కోస్తా జిల్లాల్లో వానాకాలం, ముసురు పట్టిన రోజు లాకర్ రంగు స్ప్రే చేస్తే పైన పాలపొర లాంటి తెల్లదనం తేలుతుంది. థిన్నర్ ఆవిరవుతూ రంగు పొరను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ వచ్చి దాని మీద వాలుతుంది. రంగు పాడైపోలేదు, కంగారు పడకండి. నెమ్మదిగా ఆరే థిన్నర్, రిటార్డర్ అంటారు, తేలిగ్గా పైన స్ప్రే చేస్తే చాలావరకు పోతుంది. అసలు ఆ రోజు స్ప్రే మానుకుంటే ఇంకా మేలు. ఎండాకాలం రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం పూట దీనికి పూర్తిగా ఎదురు తిరుగుతుంది. రంగు తుంపర గాల్లోనే ఆరిపోయి పొడిపొడిగా బాడీ మీద పడుతుంది, చేత్తో తడిమితే గరుకు. తెల్లవారుజామున చేయండి, దూరం తగ్గించి చేయండి.

ఆరిందో లేదో వేలితో నొక్కి చూడటం అందరికీ ఉన్న అలవాటు. వేలిముద్ర పడ్డాక తెలుస్తుంది ఆరలేదని. వేలు కాదు, ముక్కు వాడండి. బాడీని ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తోందా, ఇంకా ఆరలేదు. వాసన పూర్తిగా పోయాకే మాస్కింగ్ టేపుగానీ, పాలిష్‌గానీ. లాకర్ అయితే త్వరగా ఆరుతుంది, ఎనామిల్‌కు వారం పైనే పట్టొచ్చు. ఆరే లోపల బాడీ మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి, దుమ్ము వాలదు.

పై మెరుపు పూత విషయంలో నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు. పోటీల్లో పెట్టే మోడళ్లు కొన్ని అద్దాల్లా మెరుస్తుంటాయి. తలుపు అంచులు, అక్షరాలు అన్నీ ఆ మెరుపు కింద మునిగిపోయి ఉంటాయి. అసలు కారు అంత మెరవదు, పదేళ్ల కారు అసలే మెరవదు. పలచగా ఒక పొర క్లియర్ వేసి, బాగా ఆరాక 2000 పైన నంబర్ల వాటర్ పేపర్‌తో నీళ్లు పెట్టి రుద్ది, పాలిషింగ్ కాంపౌండ్‌తో తుడిస్తే చాలు. మలుపు అంచుల మీద మాత్రం రుద్దొద్దు, అక్కడ రంగు పలచగా ఉండి ప్లాస్టిక్ బయటపడుతుంది. స్టిక్కర్ల మీద, అంటే నీళ్లలో నాని జారే డెకాళ్ల మీద, లాకర్ క్లియర్‌ను ఒక్కసారిగా తడిగా కొడితే ముడతలు పడతాయి. మొదట పొడి తుంపరలా, ఆరనిచ్చి, మళ్లీ.

ఒక హెచ్చరిక. రెండు డబ్బాలు కలిపి వాడే 2కే క్లియర్ అని కార్ల షెడ్లలో వాడతారు. అందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇంట్లో వాడకండి. మామూలు లాకర్‌కు కూడా గుడ్డ మాస్కు చాలదు, ఆవిర్లను పట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. కిటికీ తెరిచి ఉండాలి, చుట్టుపక్కల స్టవ్వుగానీ దీపంగానీ వెలగకూడదు.

క్రోమ్ దగ్గరికి వద్దాం. పాతకాలం కార్లకు అందమంతా అదే. అంబాసిడర్ గ్రిల్లు, బంపర్లు, కిటికీల చుట్టూ పట్టీ, హబ్ క్యాపులు. కిట్‌లో క్రోమ్ పూత పూసిన భాగాలు ఇస్తారు, కానీ అచ్చు గీతలు కూడా ఆ క్రోమ్ కింద మెరుస్తూ ఉంటాయి. బట్టల బ్లీచ్‌లో నానబెడితే ఆ పూత ఊడిపోతుంది. అప్పుడు గీతలు రుద్ది, మెరిసే నలుపు వేసి, దాని మీద క్రోమ్ రంగు స్ప్రే చేయొచ్చు. బ్లీచ్‌ను బాత్‌రూం కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

కిటికీ పట్టీలకు మాత్రం రంగు పనికిరాదు. అక్కడ రేకే అతికించాలి. విదేశాల్లో దీనికోసం బేర్ మెటల్ ఫాయిల్ అని జిగురు రాసిన రేకు అమ్ముతారు. దొరక్కపోతే వంటింటి అల్యూమినియం ఫాయిల్ తీసుకోండి. ఇళ్లలో వాడేది మిల్లీమీటరులో వందో వంతు మందం, అటూ ఇటూగా. మన భాగహారానికి ఇంత దగ్గరగా వచ్చే వస్తువు ఇంట్లో ఇంకోటి లేదు. వెనక పలచగా ఫాయిల్ జిగురు రాసి, అది అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కిటికీ అంచు మీద పరిచి, టూత్‌పిక్ మొద్దు కొనతో రుద్ది, కొత్త బ్లేడుతో అంచు వెంట కోయండి. కొత్త బ్లేడు అని ఊరికే అనలేదు. రెండు కిటికీలు కోసిన బ్లేడు మూడోదాన్ని చింపుతుంది.

అద్దాలకు సూపర్‌గ్లూ తగలనివ్వకండి. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద పొగమంచులా పట్టేసి ఊరుకుంటుంది. ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు వాడండి, నీళ్లతో తుడిస్తే పోతుంది. కిట్‌ల ప్లాస్టిక్ సిమెంట్ ఇంకో జాతి. అది జిగురు కాదు, రెండు ముక్కలనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. పలచని సిమెంట్ అయితే రెండు ముక్కలూ కలిపి పట్టుకుని అంచుకు బ్రష్ తాకిస్తే సందులోకి అదే పాకుతుంది. ఎక్కువైతే రంగు కరుగుతుంది, అంతే సంగతి.

బానెట్ తెరుచుకునే మోడల్ అయితే ఇంజిన్ మీద మనసు పోతుంది. ఇక్కడా అదే లెక్క. స్పార్క్ ప్లగ్ తీగ అసలుది 7, 8 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 0.3. మోటార్ వైండింగ్ షాపులో 30 గేజి రాగి తీగ అడగండి, మందం 0.31 మిల్లీమీటర్లు. నాలుగు అంగుళాల ముక్కకు ఎవరూ డబ్బు తీసుకోరు. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు, డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గులకు నాలుగు తీగలు, కాయిల్ నుంచి వచ్చేది ఒకటి. మొత్తం ఐదు. వీటిని ఇష్టమొచ్చినట్టు కలపకండి, ఇంజిన్ మండే వరస 1-3-4-2. మెకానిక్ ఎవరైనా చూస్తే మొదట కనిపెట్టేది అదే, బానెట్ మూసుకోమనేదీ అప్పుడే. తీగలను తిన్నగా బిగించి పెట్టకుండా కొంచెం వేలాడనివ్వండి. దొరికే తీగ దీనికంటే లావుదైతే అసలు పెట్టకండి. లేని తీగను ఎవరూ గమనించరు, లావు తీగ మాత్రం గార్డెన్ పైపులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

లోపలి భాగం సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే మూసిన అద్దాల్లోంచి కనిపించేది తక్కువ. డాష్‌బోర్డు, స్టీరింగు, సీట్ల పైభాగం. వీటికి మెరుపు లేని రంగు వేయండి. సీటు బెల్టుకు మాస్కింగ్ టేపు పట్టీ చాలు. కింద మ్యాట్లు ఎలాగూ ఎవరికీ కనపడవు.

టైర్లకు మాత్రం రెండు పనులు తప్పవు. కొత్త కిట్ టైరు నల్లగా నిగనిగలాడుతుంది, మధ్యలో అచ్చు గీత ఉంటుంది. 400 నంబరు కాగితం మీద దొర్లిస్తే గీత పోతుంది, నేలను ముట్టే భాగం బూడిద రంగుకు తిరుగుతుంది. రోడ్డు మీద తిరిగిన టైరు అలాగే ఉంటుంది. రెండోది, పాత కిట్లలో మెత్తటి వినైల్ టైర్లలోని రసాయనం కాలక్రమంలో పక్కనున్న ప్లాస్టిక్ చక్రాన్ని కరిగిస్తుంది. అటక మీద పాత పెట్టె దొరికితే మొదట టైర్లను వేరే సంచిలోకి మార్చండి.

ఇక దుమ్ము, ధూళి. మన రోడ్ల మీద కారు కడిగిన గంటలోనే దుమ్ము పడుతుంది కాబట్టి, దుమ్ము పట్టిన కారే మనకు నిజమనిపిస్తుంది. కానీ పెరట్లో మట్టి తెచ్చి చల్లితే చెడుతుంది. పదో వంతు మిల్లీమీటరు రేణువు 24తో గుణిస్తే రెండున్నర మిల్లీమీటర్ల గులకరాయి. పాస్టెల్ సుద్దను వాటర్ పేపర్ మీద రుద్ది వచ్చిన మెత్తటి పొడి కావాలి. రాయలసీమ కారైతే ఇటుక ఎరుపు, పల్నాడు నల్లరేగడిలో తిరిగిన కారైతే ముదురు బూడిద. ఎక్కడ చల్లాలో అసలు కారును చూసి నేర్చుకోవాలి. చక్రాల వెనక ఎక్కువ, తలుపుల కింది భాగంలో కొంత, డిక్కీ మీద పలచగా. వైపర్లు తిరిగిన మేర ముందు అద్దం శుభ్రంగా ఉంటుంది. డోర్ హ్యాండిల్ చుట్టూ చేతులు తగిలి దుమ్ము ఉండదు. సొట్టలు, తుప్పు పెట్టడానికి చాలామందికి చేతులు దురద పెడతాయి. ఒక్క తుప్పు మచ్చ, వాన నీరు నిలిచే తలుపు అడుగున, చాలు.

నంబరు ప్లేటు మరిచిపోవద్దు. ఇప్పటి పొడవాటి ప్లేటు 500 మిల్లీమీటర్ల పొడవు, 120 వెడల్పు. మనకు 21కి 5. కానీ 1980ల నాటి కారు కడుతుంటే ప్లేటు నల్లది, అక్షరాలు తెల్లవి, ముందు మూడక్షరాల పాత వరస నంబరు. ఆ కారుకు టీజీ అని రాస్తే మిగతా కష్టమంతా వృథా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. మంచి కిట్లు విదేశాల నుంచి రావాలి, ధర వేలల్లో ఉంటుంది. మొదటి ప్రయోగాలు దాని మీద వద్దు. తక్కువ ధరకు దొరికే లోహపు చిన్న కారు ఒకటి కొని, అడుగున ఉన్న రివెట్లను డ్రిల్ చేసి విప్పి, పాత రంగు తీసేసి కొత్త రంగు వేయడం నేర్చుకోండి. స్ప్రే చేతికి లొంగాక కిట్ తెరవండి.

మన రోడ్ల మీది కార్లకు ఈ కిట్లు దొరకడం అరుదు. బీటిల్ ఉంటుంది, మినీ ఉంటుంది, పోర్షేలు వరసగా ఉంటాయి. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాయి, ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో బాడీ గీసి రెజిన్‌తో అచ్చు వేయించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావలసింది కొలతలు, ఫొటోలు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, మారుతి 800 కూడా అదే ఏడాది ఆగింది. ఉన్నవి తుక్కుకు పోతున్నాయి. తమియా వాళ్లలా మనం కారు కొని విప్పించనక్కర్లేదు. ముందు, వెనక, రెండు పక్కలా దూరంగా నిలబడి జూమ్ చేసి ఫొటోలు తీయండి, దగ్గర నుంచి తీస్తే ఆకారం వంకర పోతుంది. ఒక్కో ఫొటోలో కొలతల టేపు కనిపించేలా పెట్టండి. డాష్‌బోర్డు, ఇంజిన్, డిక్కీ లోపల, వీలైతే కారు అడుగు భాగం కూడా. మీ ఇంట్లోనో పక్క వీధిలోనో అలాంటి కారు ఉంటే, అది అమ్ముడుపోయే లోపల ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లండి.